బొగ్గుగనుల సీమలో వోటు: మెక్‌డోవెల్ కౌంటీ నూరేండ్ల చరిత్ర

అమెరికా సంయుక్తరాష్ట్రములలో పశ్చిమ వర్జీనియా రాష్ట్రమునకు దక్షిణపు కొసన మెక్‌డోవెల్ అను కౌంటీ కలదు. కౌంటీ యనగా మన జిల్లాకును తాలూకాకును నడుమ నుండు పాలనా విభాగమని స్థూలముగా చెప్పవచ్చును. దీని వైశాల్యము 530 చదరపు మైళ్లకు కొంచెము పైన. ముఖ్యపట్టణము వెల్చ్. అపలాచియన్ కొండల మడతలలో ఇరుకైన లోయలు, లోయకొక వాగు, వాగు వెంట రైలుదారి, రైలుదారి వెంట ఇండ్ల వరుస: ఇదియే ఆ సీమ స్వరూపము. సమతలమైన నేల పిడికెడు మాత్రమే. 1950 జనాభా లెక్కలలో ఇచ్చట 98,887 మంది యుండిరి. 2020 లెక్కలలో మిగిలినవారు 19,111 మంది. డెబ్బది యేండ్లలో అయిదింట నాలుగు వంతుల జనము తరిగిపోయిన సీమ ఇది.

ఈ కౌంటీ 2008లో బరాక్ ఒబామాకు నూటికి 53 వోట్లు ఇచ్చెను. నాలుగేండ్లు తిరుగకముందే, 2012లో, అదే ఒబామాను కాదని మిట్ రామ్నీకి నూటికి 64 వోట్లు ఇచ్చెను. 2016లో డొనాల్డ్ ట్రంపునకు వచ్చిన వోట్లు నూటికి 74కు తగ్గలేదు. 2020లో అవి 79కి చేరువ అయ్యెను. 2016 తరువాత దూరప్రాంతముల పత్రికలవారు ఎందరో వెల్చ్ పట్టణమునకు వచ్చి, మూతపడిన అంగళ్లను ఫొటోలు తీసికొని, ఈ మార్పునకు ఒక్కొక్కరు ఒక్కొక్క కారణము చెప్పి వెడలిపోయిరి. వారిలో పెక్కుమంది ఒక సంగతి మరచిరి. మెక్‌డోవెల్ పక్షము మార్చుట ఇది మొదటిసారి కాదు. ఇరువదవ శతాబ్దపు తొలి మూడు దశాబ్దములలో అది రిపబ్లికన్ పక్షమునకు కంచుకోట. తరువాత డెమొక్రాటిక్ పక్షమునకు కంచుకోట యయ్యెను. ఇప్పుడు మరల మొదటి పక్షము చెంతకే చేరినది. అయినను మొదటి రిపబ్లికన్ వోటునకును నేటి రిపబ్లికన్ వోటునకును పేరులో తప్ప పోలిక లేదు. పక్షముల పేర్లను కాక, ఆ వోటును కూడగట్టి తెచ్చినవారెవరో చూచినగాని ఈ చరిత్ర బోధపడదు.

అమెరికా అధ్యక్షుని ఎన్నిక తీరును ఇచ్చట రెండు మాటలలో చెప్పవలసియున్నది. వోట్లను కౌంటీలవారీగా లెక్కింతురు గాని, ఫలితమును రాష్ట్రమునుబట్టి నిర్ణయింతురు. రాష్ట్రమున ఎక్కువ వోట్లు వచ్చినవారికి ఆ రాష్ట్రపు ఎలక్టర్లందరును దక్కుదురు. రెండు రాష్ట్రములలో మాత్రమే వేరు పద్ధతి యున్నది. ఎలక్టర్ల సంఖ్య జనసంఖ్యను అనుసరించి పెరుగుచు తరుగుచు నుండును. కావున ఒక కౌంటీ వోటు అధ్యక్షుని నిర్ణయించుట అరుదు. దానివలన తెలియునది ప్రజల మనస్సు ఎటు నడచుచున్నదను సంగతి.

1858లో వర్జీనియా శాసనసభ ఈ కౌంటీని ఏర్పరచి, ఆ రాష్ట్రపు పూర్వ గవర్నరు జేమ్స్ మెక్‌డోవెల్ పేరు పెట్టెను. 1863లో అంతర్యుద్ధము నడుమ పశ్చిమ వర్జీనియా వేరుపడినప్పుడు ఇది క్రొత్త రాష్ట్రమున చేరినది. అప్పటికి ఇది దట్టమైన అడవి. 1880లో సైతము ఇచ్చటి జనము మూడువేలు మాత్రమే. 1880 దశాబ్దపు చివర నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేవారు కొండను తొలిచి ఎల్కుహార్ను లోయకు దారి వేసిరి. ఆ లోయలో దొరకిన పోకహాంటస్ బొగ్గు పొగ తక్కువ, గంధకము తక్కువ, వేడి మెండు కలది. ఉక్కు కొలిమికి అంతకు మించిన బొగ్గు దొరకుట అరుదు. 1900లో పందొమ్మిదివేలకు చేరిన జనము, 1910లో 47,856 అయ్యెను. 1930లో తొంబదివేలు దాటెను.

ఇంతమంది ఎచ్చటనుండి వచ్చిరి? కొండలలోని తెల్లజాతి సేద్యగాండ్రు కొందరు గనులకు దిగిరి. ఇటలీ, హంగరీ, పోలండు దేశములనుండి ఓడలెక్కి వచ్చినవారు కొందరు. వర్జీనియానుండియు, ఇతర దక్షిణ రాష్ట్రములనుండియు నల్లజాతివారు వేలకొలదిగా వచ్చిరి. 1910లో కౌంటీ జనమున వారు దాదాపు మూడవ వంతు. ఆ వలసకు కూలిరేటు ఒక్కటియే కారణము కాదు. వర్జీనియాలో 1902 నాటి రాజ్యాంగము తలపన్ను మొదలగు నిబంధనలు పెట్టి నల్లజాతివారి వోటును దాదాపు తుడిచివేసెను. సరిహద్దు దాటి పశ్చిమ వర్జీనియాలో అడుగిడినచో అట్టి నిర్బంధము లేదు. బడులు వేరైనను, ఇండ్ల వరుసలు వేరైనను, వోటు మాత్రము ఉండెను. కీస్టోన్ అను గనిపట్టణమునుండి వెలువడిన నల్లజాతివారి పత్రిక మెక్‌డోవెల్ టైమ్స్ తన సీమను ‘స్వతంత్ర మెక్‌డోవెల్ రాజ్యము’ అని గర్వముతో పిలిచెడిది. ఆ పిలుపులో అతిశయోక్తి లేకపోలేదు. అయినను దక్షిణమున వోటు లేక బ్రదికివచ్చినవానికి అది అతిశయోక్తిగా తోచియుండదు.

బానిసత్వమును తొలగించిన అబ్రహాం లింకను రిపబ్లికన్ పక్షమువాడు. కావున నల్లజాతి గనికార్మికుని వోటు ఆ పక్షమునకే పడెడిది. గనుల యజమానులును అదే పక్షమువారు. విదేశపు సరకులపై సుంకములు ఎక్కువగా నుండవలెనని కోరు ఉక్కు పరిశ్రమ వారి వెనుక నుండెను. ఈ విధముగా ఒకే వోటులో ఒకరి కృతజ్ఞతయు మరియొకరి లాభమును కలిసి ప్రవహించెను. దాని ఫలము నల్లజాతివారికి కొంత దక్కకపోలేదు. 1928 జనవరిలో, మరణించిన భర్త స్థానమున, మిన్నీ బకింగ్‌హామ్ హార్పర్ అను నామె మెక్‌డోవెల్ ప్రతినిధిగా రాష్ట్ర శాసనసభకు నియమితురాలయ్యెను. అమెరికాలో ఏ శాసనసభయందైనను కూర్చున్న నల్లజాతి స్త్రీలలో ఆమెయే మొదటిది. మొదటి ప్రపంచయుద్ధమున పోరాడిన నల్లజాతి సైనికుల స్మారకముగా కింబాల్ పట్టణమున ఒక భవనము లేచినదియు ఆ సంవత్సరముననే.

ఇక కంపెనీ సంగతి. గనిపట్టణమున ఇల్లు కంపెనీది, అంగడి కంపెనీది, వైద్యుడు కంపెనీ జీతగాడు, కావలివారు కంపెనీ మనుష్యులు. పెక్కుచోట్ల కూలి సైతము కంపెనీ ముద్రవేసిన బిళ్లల రూపమున వచ్చెడిది. అవి కంపెనీ అంగడిలో తప్ప పూర్తి విలువకు చెల్లవు. ఉక్కు పరిశ్రమలో అగ్రగామియైన యునైటెడ్ స్టేట్స్ స్టీల్ సంస్థ తన అధిపతి ఎల్బర్ట్ గ్యారీ పేర గ్యారీ అను పట్టణమునే నిర్మించెను. ఇట్టిచోట కంపెనీకి నచ్చని పక్షమునకు వోటు వేయుట సులభము కాదు. సంఘము పెట్టుకొందమన్నవానికి ముందు పని పోవును, ఆపై ఇల్లు పోవును.

ఇరుగు కౌంటీయైన మింగోలో మేట్వాన్ పట్టణపు పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్ కార్మికుల పక్షము వహించి, 1920లో కంపెనీల కావలివారి నెదిరించి నిలిచెను. 1921 ఆగస్టు 1వ తేదీన ఒక అభియోగమునకు జవాబు చెప్పుకొనుటకై అతడు వెల్చ్ న్యాయస్థానమునకు వచ్చెను. భార్య ప్రక్కన మెట్లెక్కుచుండగా, గనియజమానుల కొలువులోని గూఢచారి సంస్థవారు అతనిని, అతని మిత్రుడు ఎడ్ చేంబర్సును కాల్చి చంపిరి. ఆ హత్యకు ఎవరికిని శిక్ష పడలేదు. ఆ మాసాంతమున వేలకొలది గనికార్మికులు తుపాకులు పట్టి బ్లెయిర్ కొండవైపు నడచిరి; సమాఖ్య సైన్యము దిగి వారిని వెనుకకు పంపెను. దానితో దక్షిణ పశ్చిమ వర్జీనియాలో కార్మిక సంఘము పదేండ్లకు పైగా తల యెత్తలేకపోయెను.

తల యెత్తినది 1933లో. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు ఆ జూన్ మాసమున సంతకము చేసిన పరిశ్రమల పునరుద్ధరణ శాసనము, కార్మికులకు సంఘముగా ఏర్పడి యజమానులతో బేరమాడుకొను హక్కు నిచ్చెను. యునైటెడ్ మైన్ వర్కర్స్ అను గనికార్మికుల సంఘమువారు, మీరు సంఘమున చేరుట అధ్యక్షుని కోరిక యని లోయలలో చాటుచు తిరిగిరి. అధ్యక్షుడు అట్లు అనెనా యని విచారించు ఓపిక ఎవరికి నుండును? కొలది మాసములలో గనులన్నియు సంఘము క్రిందికి వచ్చెను. సంఘముతోపాటు వోటు కదలినది. 1936 నాటికి మెక్‌డోవెల్ డెమొక్రాటిక్ పక్షపు కౌంటీ యయ్యెను. లింకను పక్షమును విడిచి నల్లజాతి కార్మికులును అటే నడచిరి. ఈ సంఘము తొలినుండియు నల్లవారిని తెల్లవారిని ఒకే శాఖలో చేర్చుకొనెడిది. ఆ కాలపు అమెరికాలో అది సామాన్యమైన విషయము కాదు.

ఈ మొదటి మార్పునుగూర్చి ఒక మాట. దీనిని రూజ్వెల్టు వ్యక్తిమహిమగా చెప్పుట పరిపాటి. కాని వోటరుకు వాషింగ్టన్ నగరము కానరాదు, కానవచ్చినది సంఘశాఖ. శనివారము కూలి సరిగా తూచబడినదా, పైకప్పు కూలి చచ్చినవాని భార్యకు ఏమైన దక్కినదా, బిళ్లలకు మారుగా డాలర్లు వచ్చినవా యని చూచునది సంఘశాఖ. ఎన్నిక నాడు ఎవరికి వోటు వేయవలెనో చెప్పునదియు అదియే. 1940 జనవరి 10వ తేదీన ఈ కౌంటీలోని బార్ట్లీ గనిలో ప్రేలుడు సంభవించి 91 మంది చనిపోయిరి. అట్టి ప్రమాదముల నడుమ బ్రదుకు కుటుంబమునకు సంఘము రాజకీయము కాదు, భద్రత. 1946లో సంఘపు నాయకుడు జాన్ లూయిస్ టన్ను బొగ్గుకు 5 సెంట్ల చొప్పున సంక్షేమనిధికి చెల్లించు ఒడంబడికను సాధించెను. ఆ నిధినుండి వైద్యము, పింఛను లభించెను. ఒక కార్డు చేతనుంచుకొని ఆసుపత్రికి పోగల గనికార్మికుడు ఆ తరమున మొదటిసారి కానవచ్చెను.

అయితే ఆ భద్రతకు మూల్యము వేరొకచోట చెల్లినది. 1950 నాటి ఒడంబడికలో లూయిస్ యంత్రములను అడ్డగింపక అంగీకరించెను. తక్కువమంది పనివారు, ఎక్కువ కూలి, నిధికి ఎక్కువ సొమ్ము: ఇదియే ఆయన లెక్క. లెక్క తప్పు కాదు గాని, ఆ ‘తక్కువమంది’లో లేనివారి గతి యేమి? పశ్చిమ వర్జీనియాలో 1940ల చివర లక్షకు పైగా నున్న గనికార్మికులు 1960ల మొదట ఏబదివేలకు లోపునకు దిగిరి. బొగ్గును త్రవ్వుచు అప్పటికప్పుడే ఎత్తిపోయు యంత్రము వచ్చిన తరువాత, చేతితో పార పట్టి బొగ్గు ఎత్తువాని అవసరము తీరినది. ఆ పార పనిలో ఎక్కువగా నున్నవారు నల్లజాతివారు. మొదట పని పోయినదియు వారికే. 1950, 1960 లెక్కల నడుమ ఒక్క దశాబ్దమున మెక్‌డోవెల్ 27వేల జనమును పోగొట్టుకొని 71,359కి దిగెను. ఓహైయో, మిషిగన్ రాష్ట్రముల కార్ఖానాలకు బస్సులు నిండిపోయెను. పోయినవారు పనిచేయు వయసువారు. మిగిలినవారిలో వృద్ధులు, పింఛనుదారులు, పని దొరకుననెడి ఆశ విడువనివారు.

జాన్ కెనెడీ ఈ సీమకు వచ్చినది అట్టి సమయమున. 1960 మే 10వ తేదీన పశ్చిమ వర్జీనియాలో డెమొక్రాటిక్ పక్షపు ప్రైమరీ జరిగినది. ప్రైమరీ యనగా ఒక పక్షము తన అభ్యర్థిని తానే ఎన్నుకొను ఎన్నిక. కెనెడీ కాథలికుడు, రాష్ట్రము దాదాపు పూర్తిగా ప్రొటెస్టంటు మతస్థులది. ఎదుట హ్యూబర్ట్ హంఫ్రీ నిలిచెను. కాథలికుడు గెలువలేడను మాటను ఇచ్చట పరీక్షింపవలెనని కెనెడీ మెక్‌డోవెల్ మొదలగు గనికౌంటీలలో విరివిగా తిరిగెను. రూజ్వెల్టు పేరు ఇంకను ప్రతి ఇంటను మెదలుచున్న సీమ యగుటచే, రూజ్వెల్టు కుమారుడే కెనెడీ పక్షమున ప్రచారమునకు దిగెను. కెనెడీకి రాష్ట్రమున నూటికి సుమారు 61 వోట్లు వచ్చెను. ఎన్నిక గెలుచుటకై ఆయన వెచ్చించిన సొమ్మునుగూర్చి పలువురు పలువిధముల చెప్పిరి. ఆ చర్చ యిచ్చట అనవసరము.

నవంబరులో కెనెడీ అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. 1961 జనవరి 21వ తేదీన, పదవి స్వీకరించిన మరునాడే, పేదలకిచ్చు ఆహారమును పెంచవలెనను ఉత్తర్వు వెలువడినది. ఆపై ఆహారపు స్టాంపుల పథకమును ప్రయోగముగా మొదలిడిన ప్రాంతములలో మెక్‌డోవెల్ మొదటిది. 1961 మే 29వ తేదీన వ్యవసాయ మంత్రి ఆర్విల్ ఫ్రీమన్ స్వయముగా వెల్చ్ పట్టణమునకు వచ్చి, పదునైదుగురు గల ఒక గనికార్మిక కుటుంబమునకు 95 డాలర్ల స్టాంపులను అందజేసెను. 1964లో ఈ పథకము శాసనరూపమును పొంది క్రమముగా దేశమంతటను వ్యాపించినది.

ఈ ఘట్టమును మెక్‌డోవెల్ చరిత్రకు శిఖరమని వ్రాయుట కలదు. డెమొక్రాటిక్ వోటు దృష్టిలో అది శిఖరమే. కాని సూక్ష్మముగా చూచినచో మార్పునకు విత్తనము అచ్చటనే పడినదని తోచును. 1933లో ప్రభుత్వము ఇచ్చినది హక్కు. దానిని కార్మికుడు తన సంఘముద్వారా తానే సాధించుకొనెను. 1961లో ఇచ్చినది ఆహారము. ఆకలిగొన్నవానికి ఆహారము అవసరమే. దానిని చిన్నచూపు చూచుట తగదు. అయినను మొదటిది వానిని పక్షమునకు భాగస్వామిగా చేసినది, రెండవది పక్షమునకు ఋణగ్రస్తునిగా చేసినది. భాగస్వామ్యము సంతతికి అబ్బును గాని, ఋణము అబ్బదు. తాత యింటి గోడమీద రూజ్వెల్టు పటము, కెనెడీ పటము చూచి పెరిగిన మనుమనికి ఆ పటములు తాత జ్ఞాపకములే గాని తన జ్ఞాపకములు కావు.

అట్లని వోటు వెంటనే మారలేదు. 1972లో రిచర్డ్ నిక్సను పశ్చిమ వర్జీనియాను ఘనముగా గెలిచెను. అయినను 1976నుండి 2008వరకు జరిగిన తొమ్మిది అధ్యక్ష ఎన్నికలలోను మెక్‌డోవెల్ డెమొక్రాటిక్ అభ్యర్థినే ఎన్నుకొనినది. 1984లో రొనాల్డ్ రీగన్ పశ్చిమ వర్జీనియాతో సహా 49 రాష్ట్రములను గెలిచినప్పుడు సైతము ఈ కౌంటీ వాల్టర్ మాండేలునే విడువలేదు. విశ్వాసము నిలిచియుండెను, విశ్వాసమునకు ఆధారమైనది మాత్రము క్రింద కరగిపోవుచుండెను.

1980లలో అమెరికా ఉక్కు పరిశ్రమ కుప్పగూలినది. విదేశపు ఉక్కు వచ్చిపడుచుండగా స్వదేశపు కొలిములు ఆరిపోయెను. కొలిమి ఆరినచో దానికై త్రవ్విన బొగ్గు ఎవరికి కావలెను? 1986లో గ్యారీ గనులు మూతపడెను. పన్నెండు వందలకు పైగా ఉద్యోగములు ఒక్కసారిగా పోయెను. కర్ణాటకమున కోలారు బంగారుగనులు 2001లో మూతపడిన పిదప ఆ పట్టణపు కుటుంబములకు కలిగిన స్థితిని ఎరిగినవారికి దీనిని వివరింప నక్కరలేదు. గని ఒక్కటియే మూతపడదు; దానితో ఆసుపత్రి, సినిమాహాలు, బడిలో పై తరగతులు, చివరకు పాలకొట్టు వరకు ఒకదానివెంట నొకటి మూతపడును. 1980లో 49,899 గా నున్న జనము 1990లో 35,233కు, 2000లో 27,329కు దిగెను. గని పోయినచోట సంఘశాఖ యుండదు. పింఛను పొందు వృద్ధులు సంఘసభ్యులుగనే మిగిలిరి గాని, ఎన్నిక నాడు వీథివీథి తిరిగి వోటర్లను కేంద్రమునకు నడిపించు పడుచువారు లేరు.

అధ్యక్ష ఎన్నికల అంకెలు దీనినే చెప్పుచున్నవి. 2000లో ఆల్ గోరుకు ఈ కౌంటీ దాదాపు మూడింట రెండు వంతుల వోట్లు ఇచ్చెను. 2004లో జాన్ కెర్రీకి వచ్చినవి నూటికి సుమారు 62. 2008లో ఒబామాకు 53. నూటికి తొమ్మిది పదులమంది తెల్లజాతివారే యున్న కౌంటీలో నల్లజాతి అభ్యర్థికి ఆధిక్యము వచ్చుట చిన్న సంగతి కాదు. కాని ఎనిమిదేండ్లలో పదునాలుగు పాళ్లు తరిగినవి. ఇక్కడ గోరును గూర్చిన ఒక సంగతి స్మరింపదగినది. 2000లో మెక్‌డోవెల్ ఆయన వెంటనే యున్నను, రాష్ట్రము జార్జి బుష్ పక్షమునకు పోయెను. దేశమున బుష్ గెలిచినది 271 ఎలక్టర్లతో; గోరుకు వచ్చినవి 266. పశ్చిమ వర్జీనియా ఎలక్టర్లు అప్పుడు అయిదుగురు. ఈ ఒక్క రాష్ట్రము చేజారకున్నచో, ఫ్లారిడాలోని వోట్ల తగవు ఎట్లు తేలినను గోరే అధ్యక్షుడు. వోటు తీరు మారుచున్నదని ఆ పక్షపు పెద్దలు అప్పుడే గ్రహింపవలసియుండెను.

2012లో పడినది అసలు దెబ్బ. 2008లో ఒబామాకు సుమారు 3,400 వోట్లు, ఆయన ప్రత్యర్థి మెకెయిన్‌కు సుమారు 2,900 వోట్లు వచ్చెను. 2012లో ఒబామాకు 2,100 మాత్రము; రామ్నీకి 3,950కి పైగా. మొత్తము వోట్లు రెండేండ్లలోను ఆరువేల పైచిలుకే. అనగా క్రొత్తవారు వచ్చి ఫలితమును మార్చలేదు. వేయిమందికి పైగా పాతవారే ఈ వైపునుండి ఆ వైపునకు నడచిరని గ్రహింపవలెను. ఆ సంవత్సరము రామ్నీ రాష్ట్రములోని 55 కౌంటీలను ఒక్కటి విడువక గెలిచెను. 2016ను మాత్రమే మలుపుగా భావించువారు ఈ అంకెలను చూడవలెను. ట్రంపు వచ్చునప్పటికి తలుపు తెరచియే యున్నది.

ఇందులకు చెప్పబడు కారణములలో బలమైనది బొగ్గుపై నియంత్రణము. వాతావరణ కాలుష్యమును తగ్గించుటకై ఒబామా ప్రభుత్వము చేసిన నిబంధనలను బొగ్గుపై యుద్ధమని ప్రత్యర్థులు పేర్కొనిరి. 2016 మార్చిలో హిల్లరీ క్లింటన్ ఒహైయోలోని ఒక సభలో, బొగ్గు కంపెనీలును కార్మికులును పని కోల్పోవుదురని పలికిన మాట దావానలమువలె వ్యాపించినది. కార్మికులను విడిచివేయరాదని ఆమె వెంటనే చెప్పిన మాట ఎవరికిని వినబడలేదు. న్యాయముగా చూచినచో మెక్‌డోవెల్ గనులను మూయించినది ఒబామా కాదు. యంత్రములు 1950లలోనే సగమును తినెను. ఉక్కు పతనము 1980లలో మిగిలినదానిని తినెను. ఆపై చవుకగా దొరకిన సహజవాయువు బొగ్గు అంగడినే తగ్గించెను. అయినను, యాబదియేండ్లుగా మెల్లమెల్లగా జరిగిన నష్టమునకు ఒక ముఖము కావలసినప్పుడు, అప్పుడు పదవిలో నున్నవాని ముఖమే కానవచ్చును. పూర్వము ఇట్టి మాట వచ్చినచో, అది నిజమా కాదాయని సంఘశాఖలో వాదించు ముసలికార్మికుడు ఒకడుండెడివాడు. ఇప్పుడు టెలివిజను ఉన్నది.

జాతిద్వేషమే కారణమనువారును కలరు. అది లేదనుట సత్యదూరము. 2012 ప్రైమరీలో టెక్సాస్ చెరసాలలో శిక్ష ననుభవించుచున్న ఒక ఖైదీ పేరు పత్రముమీద నుండగా, ఒబామాకు విరోధముగా రాష్ట్రమున నూటికి 41 వోట్లు ఆ ఖైదీకి పడెను. దానిలో ఏ ద్వేషము ఎంతయో తూచుట కష్టము. కాని అదొక్కటియే కారణమైనచో 2008లో మెక్‌డోవెల్ ఒబామాను గెలిపించి యుండదు; 2016లో తెల్లజాతి అభ్యర్థినికి అంతకంటె తక్కువ వోట్లు ఇచ్చియు నుండదు. గర్భస్రావము, తుపాకి, మతము మొదలగు విషయములలో డెమొక్రాటిక్ పక్షము మహానగరముల అభిప్రాయములకు దగ్గరయై కొండసీమకు దూరమైనదను మాటలో ఎక్కువ సత్యము కలదు. కూలి, పింఛను అను బలమైన త్రాడు ఉన్నంతకాలము ఆ భేదములను వోటరు ప్రక్కకు నెట్టగలిగెను. త్రాడు తెగిన తరువాత ఆ భేదములే ముందుకు వచ్చెను.

వీనికితోడు దేహబాధ. గనిలో నడుము విరిగినవారికి ఇచ్చిన నొప్పి మాత్రలే వ్యసనమై, మత్తుమందుల మరణములలో ఈ కౌంటీ దేశముననే మిక్కిలి ఘోరమైన వానిలో ఒకటియయ్యెను. 2010 నాటి గణనలో ఇచ్చటి పురుషుల సగటు ఆయుర్దాయము 64 ఏండ్లకు చేరలేదు. దేశమున అంతకు తక్కువ మరెచ్చటను లేదు. అట్టిచోట ఎన్నికయనగా ఆసక్తి సన్నగిల్లుట సహజము. ఎవరికి వోటు వేసిరన్న ప్రశ్నకంటె ఎందరు వేయక మానిరన్న ప్రశ్న పెద్దది. ఇరువదివేల జనములో ఆరువేలమందియే కేంద్రమునకు వచ్చుచున్నారు.

2016 మే 10వ తేదీన రాష్ట్రమున మరల ప్రైమరీ జరిగినది. కెనెడీ గెలిచిన దినమునకు సరిగా ఏబదియారేండ్లు. ఆ దినమున డెమొక్రాటిక్ పక్షమువారు మెక్‌డోవెల్‌తో సహా 55 కౌంటీలలోను, వైద్యము ప్రభుత్వమే చేయవలెనని బోధించు బెర్నీ శాండర్సును ఎన్నుకొనిరి. ఆరు మాసములకు అదే కౌంటీ ట్రంపును గెలిపించెను. ఈ రెండు వోట్లను వేసినవారు ఒక్కరే కాకపోవచ్చును. అయినను 2017 మార్చిలో శాండర్సు మెక్‌డోవెల్‌కు వచ్చి టెలివిజను సభ జరుపగా, ట్రంపునకు వోటు వేసినవారు సైతము వచ్చి కూర్చుండి, పింఛనును వైద్యమును గూర్చి ఆయనతో మాటలాడిరి. 1946 నాటి సంక్షేమనిధి అప్పటికి దివాలా అంచున నుండెను. వితంతువుల వైద్యపు ఖర్చు ఏమగునో తెలియక యుండెను.

అధ్యక్షుని వోటు మారినను స్థానిక పదవులలో పాత పక్షము మరికొంతకాలము నిలిచినది. పక్షముల పట్టీలో పేరు మార్చుకొనుట వోటు మార్చుకొనుటకంటె నిదానముగా జరిగినది; రాష్ట్రమున రిపబ్లికన్లుగా నమోదైనవారి సంఖ్య డెమొక్రాట్ల సంఖ్యను దాటినది 2021లో మాత్రమే. 2020లోను, 2024లోను ట్రంపు పశ్చిమ వర్జీనియాలోని కౌంటీల నన్నింటిని గెలిచెను. కెనెడీ వచ్చిననాడు ఆ రాష్ట్రమునకు ఎనిమిదిమంది ఎలక్టర్లు ఉండిరి. 2024 ఎన్నికలో వారు నలుగురు.